సెల్లార్‌లో వద్దంటే బ్యాటరీ పడకగదిలోకి వస్తోంది

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల కమిటీ పెద్దలకు, విద్యుత్ పంపిణీ సంస్థల అధికారులకు, పురపాలక, అగ్నిమాపక శాఖల వారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో 48 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. పోయిన ఏడాది ఉగాదికి ఎలక్ట్రిక్ కారు కొన్నాం. మా పార్కింగ్ స్థలం నంబరుతో సహా సేల్ డీడ్‌లోనే ఉంది. ఆ స్థలంలో, మా ఖర్చుతో, మా మీటరు నుంచి ఒక ఛార్జింగ్ పాయింట్ పెట్టుకుంటామని కారు రాకముందే కమిటీకి కాగితం రాసిచ్చాను. పద్నాలుగు నెలలు గడిచాయి. ఈ మధ్యలో మూడు సార్లు రాతపూర్వకంగా, లెక్కలేనన్ని సార్లు నోటిమాటగా అడిగాను. ఒక్కసారి కూడా కాగితం మీద జవాబు రాలేదు.

కమిటీ వాళ్లు చెప్పింది ఇది: "మేడమ్, లోడ్ సరిపోతుందని కరెంటాఫీసు నుంచి లెటర్ తెండి, అప్పుడు చూద్దాం." కరెంటాఫీసుకు వెళ్తే, "ముందు మీ అసోసియేషన్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెండి, అది లేకుండా ఫైలు ముందుకు కదలదు" అన్నారు. ఇక్కడికీ అక్కడికీ ఎన్నిసార్లు తిరిగానో. చివరికి సెక్షన్ ఆఫీసులో ఒక పెద్దాయన జాలిపడి, "మీరు రాత్రిపూట మామూలు ప్లగ్గులో పెట్టుకోండమ్మా, ఎవరు చూస్తారు" అని సలహా ఇచ్చారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ నేను ఈ లేఖ రాయడానికి కారణమే ఆ మాట. పద్ధతిగా పెట్టుకుంటామంటే దారి ఉండదు, దొంగచాటుగా పెట్టుకుంటే అడిగేవాళ్లు ఉండరు. ఇలా సాగితే ఎక్కడో ఒకచోట ప్రాణం పోతుంది.

ఇది నా ఒక్క కారు గొడవగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. నాకు జరిగిన నష్టం డబ్బు, సమయం. మా అపార్ట్‌మెంట్‌లోనే నాకంటే ఎక్కువ ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉన్నారు. ముందు వాళ్ల సంగతి చెబుతాను.

మామూలు మనుషులకు ఏం జరుగుతోంది

1. మా మూడో అంతస్తులో కిరాయికి ఉండే ఒకబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటర్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు. బ్యాటరీ ఊడదీసి పట్టుకెళ్లే రకం బండి. సెల్లార్‌లో ప్లగ్గు ఇవ్వలేదు, బ్యాటరీలు లిఫ్టులో తేవద్దని నోటీసు పెట్టారు. రాత్రి పన్నెండు దాటాక పది కిలోలకు పైగా బరువున్న ఆ బ్యాటరీని భుజాన పెట్టుకుని మూడంతస్తులు మెట్లెక్కుతాడు. మొన్న వాళ్ల పాప పుట్టినరోజుకు పిలిస్తే వెళ్లాను. ఉన్నదొకటే పడకగది. మంచం పక్కన, గోడవారగా ఒక ప్లైవుడ్ ముక్క వేసి, దాని మీద బ్యాటరీ పెట్టి, ఫ్యాను రెగ్యులేటర్ కింద ఉన్న సాకెట్ నుంచి తెల్లటి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగాడు. నేను ఆ బోర్డును చేత్తో తాకి చూశాను, వెచ్చగా ఉంది. పాప పడుకునే తలగడకూ ఆ బ్యాటరీకీ మధ్య మూరెడు దూరం లేదు. "ఏం చేయమంటారు మేడమ్, పొద్దున ఎనిమిదికల్లా బండి ఎక్కాలి" అన్నాడు. అతనికి ఏమని జవాబు చెప్పాలో నాకు తెలియలేదు.

2. మన తెలుగు నేల మీద జరిగినవి గుర్తు చేసుకుందాం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. అదే వారంలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక ఇంటి పెద్ద చనిపోయాడు, అతని భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ రెండు చోట్లా బ్యాటరీ ఇంటి లోపల ఉంది, మనుషులు నిద్రలో ఉన్నారు. పార్కింగ్‌లో ప్లగ్గు ఇవ్వం అని కమిటీ తీర్మానం చేసిన ప్రతిసారీ ఆ బ్యాటరీ బండిలోంచి లేచి ఇంట్లోకి నడుస్తుంది. వద్దన్నందువల్ల ఎవరూ బండి అమ్ముకోరు. ఆ బండి మీదే వాళ్ల బతుకు.

3. రెండో అంతస్తు కిటికీలోంచి సెల్లార్‌కు వైరు వేలాడదీసి ఛార్జింగ్ పెట్టుకుంటున్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. వానాకాలంలో ఆ వైరు జాయింటు మీద నీళ్లు పడతాయి. కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. వాళ్లను పిలిచి మందలించాను. "మరి మీరు ఇప్పిస్తారా పర్మిషన్?" అన్నారు. నాకే రాని పర్మిషన్ వాళ్లకేం ఇప్పించను.

4. ఇక మా సంగతి. మా బడి ఇంటికి 22 కిలోమీటర్లు. రానూపోనూ 44. ఛార్జింగ్‌లో పోయే కరెంటుతో కలిపి రోజుకు 7 యూనిట్లు, నెలకు సుమారు 170 యూనిట్లు చాలు. ఇంటి మీటరు మీద 400 యూనిట్లు దాటిన శ్లాబులో యూనిట్‌కు 9 రూపాయల 50 పైసలు వేసుకున్నా 1,600 రూపాయలు. బయటి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర, 18 శాతం జీఎస్టీ కలిపి, నేను కడుతున్నది యూనిట్‌కు దాదాపు 20 రూపాయలు. అంటే నెలకు 3,400. నెలకు తొమ్మిది పది సార్లు, ఒక్కోసారి క్యూతో కలిపి గంటన్నర ఆ రోడ్డు పక్కన కూర్చోవాలి. నేను అక్కడే జవాబు పత్రాలు దిద్దుకుంటాను. నాకు జీతం వస్తుంది కాబట్టి భరిస్తున్నాను. ట్యాక్సీ నడుపుకునే అతనికి ఆ గంటన్నర అంటే ఒక కిరాయి పోయినట్టే.

5. తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. 2024 మార్చి నుంచి ఇది ఎన్నో ఇళ్లకు ఊరట. అయితే 3 యూనిట్లు పట్టే స్కూటర్ బ్యాటరీని రోజూ ఒకసారి నింపితే నెలకు దగ్గర దగ్గర 100 యూనిట్లు. ఇంటి వాడకం 120 ఉన్న కుటుంబం బండి కొనగానే 200 దాటిపోతుంది. పెట్రోలు ఖర్చు మిగులుతుందని అప్పు చేసి బండి కొన్న మనిషికి ఆ నెల మొత్తం బిల్లు వస్తుంది. బండికి వేరే మీటరు ఉంటే ఈ చిక్కు ఉండదు. కానీ వేరే మీటరు అడిగితే ఉన్న జీరో బిల్లు కూడా పోతుందేమోనని భయపడి ఎవరూ అడగడం లేదు. ఈ భయం తీర్చాల్సింది అధికారులే.

కమిటీల భయాల గురించి

కమిటీల్లో ఉండేవాళ్లు జీతం లేని పని చేస్తున్నారు. సంపులో నీళ్లు లేకపోయినా, లిఫ్టు ఆగిపోయినా మాటలు పడేది వాళ్లే. రేపు ఏదైనా జరిగితే కేసు తమ మీదకు వస్తుందన్న టెన్షన్ వాళ్లకుంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జి గదుల్లోకి చేరి 8 మంది చనిపోయిన సంగతి మీటింగుల్లో ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు. గుర్తు చేయాలి కూడా. నేను ఆ భయాన్ని కొట్టిపారేయను.

కానీ ఆ భయం మనకు ఏం నేర్పాలి? గాలి ఆడని చోట, మనుషులు పడుకునే చోటికి కింద, గుట్టగా బ్యాటరీలు పెట్టకూడదని. బయటికి దారి ఒక్కటే ఉంటే ప్రాణాలు దక్కవని. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ ప్రమాణాలు బిగించింది. టూ వీలర్లకు ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణంలో చేసిన సవరణలు 2022 డిసెంబర్ 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశగా అమల్లోకి వచ్చాయి. అంతకుముందు కొన్న పాత బండ్లు, ఊరూపేరూ లేని బ్యాటరీలు ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. వాటిని వేరుగా చూడండి, అడ్డుకోండి, నేను కాదనను. నాలుగు వైపులా తెరిచి ఉన్న స్టిల్ట్ పార్కింగ్ వేరు, రెండు మూడు అంతస్తుల లోతున్న సెల్లార్ వేరు. లోతు సెల్లార్లలో కమిటీల జంకులో న్యాయం ఉంది. అక్కడ ఏం చేయాలో చెప్పాల్సింది అగ్నిమాపక శాఖ. చెప్పేవాళ్లు లేక కమిటీలు అన్నిటికీ కలిపి వద్దంటున్నాయి.

రెండో భయం లోడ్. "ఒక్క కారు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోద్ది" అని మా మీటింగులో ఒకాయన అన్నారు. లెక్క చూద్దాం. 15 ఆంప్స్ సాకెట్‌లో పెట్టే కారు ఛార్జర్ 3.3 కిలోవాట్లు లాగుతుంది. ఒక గీజరు 2 కిలోవాట్లు. అంటే గీజరున్నరతో సమానం. మాఘమాసం చలిలో ఉదయం ఆరింటికి మా 48 ఫ్లాట్లలో సగం గీజర్లు ఒకేసారి వేస్తారు. ఎండాకాలం రాత్రి తొమ్మిది నుంచి ఇంటికి రెండేసి ఏసీలు నడుస్తాయి. ఏసీ పెట్టుకోవడానికి ఎవరైనా ఎన్‌ఓసీ అడిగారా? నా కారుకు రోజూ కావలసింది రెండు గంటల పైచిలుకు కరెంటు. అది అర్ధరాత్రి దాటాక తీసుకుంటాను. కారులోనే టైమ్ పెట్టుకునే వీలుంది. అలాగని లోడ్ సమస్యే లేదని అనను. ఇరవై కార్లు వచ్చిన రోజున తప్పకుండా ట్రాన్స్‌ఫార్మర్ పెంచాలి. అది ఒక్కరోజులో జరిగే పని కాదు కాబట్టి, ఇద్దరు ముగ్గురు అడుగుతున్నప్పుడే మొదలుపెట్టమంటున్నాను.

కార్లు అమ్మేవాళ్లు 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ పెట్టుకోమంటారు. రోజుకు 40, 50 కిలోమీటర్లు తిరిగే ఇంటికి అది అక్కర్లేదని నా అభిప్రాయం. 32 ఆంప్స్ లాగే ఆ ఛార్జర్‌కు మంజూరు లోడ్ పెంచుకోవాలి, చాలా ఇళ్లలో త్రీఫేజ్‌కు మారాల్సి వస్తుంది. 3.3 కిలోవాట్లతో తొమ్మిది పది గంటల్లో 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండుతుంది. రోజువారీ వాడకానికి రాత్రి నిద్రపోయి లేచేసరికి సరిపోతుంది. కమిటీలు కూడా మొదట చిన్న పాయింట్లకు ఒప్పుకుని, పెద్దవాటికి లోడ్ చూసి నిర్ణయం తీసుకోవచ్చు.

మా ఎర్త్ పిట్ దగ్గర చూసింది

కొటేషన్ కోసం లైసెన్స్ ఉన్న ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. కారుతో వచ్చిన ఛార్జర్‌ను మా మీటర్ బోర్డు పక్కన సాకెట్‌కు తగిలించి చూస్తే ఎర్ర లైటు వెలిగింది. ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు) సరిగా లేకపోతే ఛార్జర్ కరెంటు తీసుకోదు. అతను మీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూశాడు. 17 వోల్టులుంది. రెండు మూడు దాటకూడదట. జనరేటరు వెనక గడ్డిలో ఎర్త్ పిట్ (ఎర్త్ తీగ భూమిలోకి దిగే గుంత) మూత వెతికి తీశాడు. లోపల ఉప్పు, బొగ్గు వేసిన మట్టి ఎండి పగుళ్లిచ్చి ఉంది. పైపు మీద బిగించిన రేకు పచ్చగా చిలుము పట్టి, వేలితో కదిపితే కదిలింది. 2004లో బిల్డింగ్ కట్టాక ఎవరూ ఆ మూత తీసినట్టు లేదు. వాచ్‌మన్, నేను కలిసి ఆరు బకెట్ల నీళ్లు పోశాం. రేకు గీకి బిగించాక మళ్లీ చూస్తే 4 వోల్టులకు దిగింది, ఛార్జర్ మీద పచ్చ లైటు వచ్చింది.

నా కాళ్లు వణికింది అప్పుడు. మా లిఫ్టుకు, మా గీజర్లకు, తడి చేతులతో తాకే వాషింగ్ మెషీన్లకు అదే ఎర్తింగ్. ఎన్నేళ్ల నుంచో 48 కుటుంబాలం ఎర్తింగ్ లేనట్టే బతికాం. కారు ఛార్జర్ ఒప్పుకోలేదు కాబట్టి తెలిసింది. ఆ పిట్‌ను మాత్రం కమిటీ వాళ్లు పది రోజుల్లో కొత్తగా తవ్వించి బాగు చేయించారు. అందుకు వాళ్లకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మా అపార్ట్‌మెంట్‌లో తేలిన ఈ లోపం పాతికేళ్ల నాటి ఎన్ని బిల్డింగుల్లో ఉందో చూసుకోమని ఇది చదివే ప్రతి కమిటీనీ కోరుతున్నాను. మీ ఎర్త్ పిట్ మూత రేపు ఉదయమే తీయించండి. దానికి ఏ ఎన్‌ఓసీ అక్కర్లేదు.

ఎలక్ట్రీషియన్ ఇచ్చిన కొటేషన్ ఇలా ఉంది. మా మీటరు నుంచి పార్కింగ్ వరకు 35 మీటర్లు విడిగా 6 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, పైపులో. విడిగా ఎంసీబీ (లోడ్ మించితే దానంతటదే ఆగే స్విచ్). 30 మిల్లీ ఆంప్స్ లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ. వాన చుక్క లోపలికి పోని మూత ఉన్న సాకెట్. విడిగా ఎర్త్ తీగ. అన్నీ కలిపి 28 వేలు. మూడో అంతస్తు పాప మంచం పక్కన వేడెక్కుతున్న ఆ తెల్ల ఎక్స్‌టెన్షన్ బోర్డుతో దీన్ని పోల్చి చూడండి. మన తీర్మానాలు దేన్ని ఆపుతున్నాయి, దేన్ని వదిలేస్తున్నాయి?

చట్టం ఏం చెబుతోంది

నేను లాయర్ని కాను. చదివి అర్థం చేసుకున్నది రాస్తున్నాను.

విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 43 ప్రకారం ఇంటి యజమాని గానీ, ఆ ఇంట్లో ఉంటున్నవారు గానీ అడిగితే కరెంటు ఇవ్వడం పంపిణీ సంస్థ బాధ్యత. "ఉంటున్నవారు" అన్న మాట గమనించండి. కిరాయిదారులకూ ఆ హక్కు ఉంది.

బండి ఛార్జింగ్ అనేది కరెంటు అమ్మకం కాదు, సేవ, దానికి లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే చెప్పింది. 2022 జనవరి 14 నాటి మార్గదర్శకాల్లో ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్ మీదే సొంత బండి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని స్పష్టంగా ఉంది. 2024 సెప్టెంబర్‌లో ఆ మార్గదర్శకాలను మళ్లీ సవరించి విడుదల చేశారు.

అన్నిటికంటే ముఖ్యమైంది విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో తెచ్చిన సవరణ. వినియోగదారుడు కోరితే బండి ఛార్జింగ్‌కు వేరే కనెక్షన్ ఇవ్వాలి. కొత్త కనెక్షన్ గడువు మహానగరాల్లో 7 రోజుల నుంచి 3 రోజులకు, పట్టణాల్లో 15 నుంచి 7కు, పల్లెల్లో 30 నుంచి 15కు తగ్గించారు. మూడు రోజులు! నాకు పద్నాలుగు నెలలైంది. అర్జీ తీసుకుంటేనే గడువు మొదలవుతుంది కదా, ఎన్‌ఓసీ లేదని అసలు అర్జీయే తీసుకోకపోతే ఆ మూడు రోజులు ఎప్పటికీ మొదలు కావు.

కొత్త బిల్డింగుల సంగతి వేరు. నమూనా భవన నిబంధనలకు 2019లో చేసిన సవరణ ప్రకారం పార్కింగ్‌లో 20 శాతం ఛార్జింగ్‌కు అనువుగా ఉండాలి, ఆ లోడ్‌నూ ముందే లెక్కగట్టాలి. అయితే మనలో ఎక్కువమంది అంతకుముందు కట్టిన బిల్డింగుల్లో ఉంటున్నాం. మన గురించి ఆ నిబంధన మాట్లాడదు. తెలంగాణ ప్రభుత్వం 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. కొనమని ప్రోత్సహిస్తున్నారు, సంతోషం. కొన్నది ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆ ప్రోత్సాహంలో భాగం కావాలి.

మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడి సివిల్ కోడ్ ప్రకారం, అసోసియేషన్ సరైన కారణం లేకుండా ఛార్జర్‌ను అడ్డుకోకూడదు. అర్జీ అందిన 60 రోజుల్లో రాతపూర్వకంగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఖర్చు, నష్టం జరిగితే బాధ్యత పెట్టుకున్నవాళ్లదే. అక్కడి మన తెలుగు కుటుంబాలు ఈ పద్ధతిలోనే పెట్టుకుంటున్నాయి. అంతటి చట్టం మనకు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒక కమిటీ తీర్మానంతో, ఒక సర్క్యులర్‌తో అయ్యే పనులే నేను కింద అడుగుతున్నాను.

మా కోరికలు

కమిటీలకు:

1. ఛార్జింగ్ పాయింట్ అర్జీకి 30 రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వండి. కాదంటే కారణం రాయండి. నోటిమాటతో తిప్పవద్దు.

2. కావలసిన షరతులు పెట్టండి: లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, విడి తీగ, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ పరీక్ష కాగితం, నష్టం జరిగితే పూచీ. అన్నీ ఒప్పుకుంటాం. షరతులు అందరికీ ఒకటే ఉండాలి. ప్రెసిడెంటు గారి బంధువులకైనా, కిరాయికి ఉన్న డెలివరీ అబ్బాయికైనా.

3. స్కూటర్లకు పార్కింగ్‌లో గాలి ఆడే ఒక మూల, మెట్లకూ లిఫ్టుకూ దూరంగా, నాలుగు సాకెట్లతో సబ్ మీటరు పెట్టించండి. ఎంత వాడితే అంత వసూలు చేయండి. మా అపార్ట్‌మెంట్‌లో దీనికి అయ్యే ఖర్చు ఒక నెల మెయింటెనెన్స్‌లో చిన్న భాగం. ఈ ఒక్క పని చేస్తే ఈ రాత్రి నుంచే ఆ పాప పక్కన బ్యాటరీ ఉండదు. మిగతావన్నీ ఆలస్యమైనా దీన్ని మాత్రం ఆపకండి.

4. ఎర్త్ పిట్లను ఏడాదికోసారి పరీక్ష చేయించి, రీడింగును నోటీసు బోర్డు మీద పెట్టండి.

విద్యుత్ అధికారులకు:

5. సేల్ డీడ్‌లో పార్కింగ్ స్థలం ఉన్నవాళ్లకు అసోసియేషన్ ఎన్‌ఓసీ తప్పనిసరా కాదా, కామన్ ఏరియాలో తీగ వెళ్లడానికి ఏం కావాలి, కిరాయిదారుకు ఏ కాగితాలు కావాలి, ఈ మూడూ ఒక పేజీలో తెలుగులో రాసి ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద అంటించండి.

6. అర్జీని ఏ కారణంతోనూ కౌంటర్ దగ్గరే వెనక్కి పంపవద్దు. తీసుకుని నంబరు ఇవ్వండి. కాదంటే కారణం రాసివ్వండి. ఆ కాగితం ఉంటేనే మేం వినియోగదారుల ఫోరమ్‌కు, ఆ తర్వాత అంబుడ్స్‌మన్‌కు వెళ్లగలం. ఇప్పుడు మా చేతిలో చూపించడానికి ఏమీ లేదు.

7. బండికి వేరే మీటరు తీసుకుంటే ఇంటి గృహజ్యోతి పోదని లిఖితపూర్వకంగా చెప్పండి. పోతుందంటే ఆ నిబంధన మార్చమని పైవాళ్లకు రాయండి. నెలంతా బండి నడిపి ఇల్లు నెట్టుకొచ్చే మనిషి ఈ సందిగ్ధంలో ఉండకూడదు.

8. ప్రతి అపార్ట్‌మెంట్‌ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడ్ ఉంది, ఇంకెంత మిగిలింది అన్నది అసోసియేషన్‌కు ఏటా ఒక కాగితంలో తెలపండి. అది ఉంటే మీటింగుల్లో ఊహల మీద గొడవపడే పని ఉండదు.

పురపాలక, అగ్నిమాపక శాఖలకు:

9. స్టిల్ట్ పార్కింగ్‌కు, లోతు సెల్లార్‌కు వేర్వేరుగా ఏది పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు, బండికీ బండికీ ఎంత దూరం, ఎలాంటి ఆర్పే పరికరాలు, పొగ బయటికి పోయే దారి ఎలా ఉండాలి అన్నది బొమ్మలతో సహా తెలుగులో ఇవ్వండి. కమిటీలకు రేపు అండగా ఉండేది ఆ కాగితమే.

10. కొత్త బిల్డింగులకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఛార్జింగ్‌కు పైపులు, లోడ్ నిజంగా ఉన్నాయో లేదో సెల్లార్‌లోకి దిగి చూడండి. ప్లాన్ మీద గీత ఉంటే చాలదు.

వచ్చే ఆదివారం ఉదయం పదింటికి మా అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగు ఉంది. నా అర్జీ నాలుగో కాపీని, ఎలక్ట్రీషియన్ కొటేషన్‌ను, ఎర్తింగ్ రీడింగులను జతచేసి సెక్రటరీ గారికి అందజేశాను. స్కూటర్ల సాకెట్ల కోసం మూడో అంతస్తు అబ్బాయి సంతకంతో పాటు మరో పదకొండు కుటుంబాల సంతకాలు ఉన్నాయి. మొదటి అంశంగా ఆ స్కూటర్ల సాకెట్లనే తీసుకోమని అడిగాను. నా కారు సంగతి రెండోది.

ఇట్లు,
ఒక ఫ్లాట్ యజమానురాలు, హైదరాబాద్